ఆ పద్నాలుగు నెగటివ్‌లను నమ్ముకోకు

చిరంజీవి అబ్బాయికి,

నువ్వు పంపిన ఎలైసా రక్తపరీక్ష రిపోర్టు ఫోనులోనే చూశాను. ఒక ఆవుకు పేగులకు పట్టే జోన్స్ వ్యాధి పాజిటివ్, పద్నాలుగింటికి నెగటివ్. “ఆ ఒక్కదాన్ని వదిలించుకుంటే సరిపోతుంది కదా చిన్నాన్నా?” అని అడిగావు. సరిపోదు.

ఈ వ్యాధిని తెచ్చే సూక్ష్మజీవి క్షయ సూక్ష్మజీవికి దగ్గరి చుట్టం. చాలావరకు దూడ వయసులోనే, పేడ అంటిన పొదుగు చీకినప్పుడో, ముర్రుపాలతోనో లోపలికి వెళ్తుంది. చిన్నపేగు చివరి భాగంలో మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు దాన్ని మింగుతాయి. మింగినదాన్ని అరిగించే రసాలు కణంలోనే వేరే సంచిలో ఉంటాయి. ఆ సంచి వచ్చి కలవకుండా ఇది అడ్డుకుంటుంది. పట్టుకోవడానికి వచ్చిన పోలీసు ఇంట్లోనే దొంగ అద్దెకు దిగినట్టు!

అయినా పశువు మొదట్లో గట్టిగానే పోరాడుతుంది. టి కణాలనే ఇంకోరకం రక్షక కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత పదార్థాన్ని విడుదల చేసి మాక్రోఫేజ్‌లను ఉసిగొల్పుతాయి. ఆ రోజుల్లో రక్తంలో యాంటీబాడీలు దాదాపు కనబడవు. రెండేళ్లకో ఐదేళ్లకో ఆ పట్టు సడలాక యాంటీబాడీలు పెరుగుతాయి. కానీ కణం లోపల దాక్కున్నదాన్ని అవి అందుకోలేవు. ఎలైసా వెతికేది ఆ యాంటీబాడీలనే. అందుకే నీ పద్నాలుగింటిలో కొన్ని ఇంకా పోరాటం మధ్యలో ఉండవచ్చు.

ఈ వ్యాధి సంగతి నాకు మొదటే తెలిసి ఉంటే ఒక రైతు దగ్గర తలవంచుకునే పని ఉండేది కాదు. రాజేంద్రనగర్ పశువైద్య కాలేజీ నుంచి బయటికి వచ్చిన కొత్తలో ఒక ఆవును చూశాను. మేత బాగా తింటుంది, జ్వరం లేదు, అయినా నీళ్లలా పారుకుంటూ చిక్కిపోతోంది. నట్టల మందు పోశాను. దవడ కింద నీరు దిగితే కార్జపు జలగలే అని తేల్చి మళ్లీ పోశాను. చచ్చాక కోసి చూస్తే పేగు లోపలి పొర మందమెక్కి మెదడులా ముడతలు పడి ఉంది. మాంసకృత్తులన్నీ ఆ పేగు గుండానే కారిపోయాయి, దవడ కింద నీరు దిగింది అందుకే. నేను పోసిన మందు దేనికీ పనికిరాలేదు.

నీ పాజిటివ్ ఆవు పేడను, సూక్ష్మజీవి జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్షకు పంపు. మిగతావాటికి ఆరు నెలల తర్వాత మళ్లీ రక్తం తీయించు. ఈమధ్య క్షయ కోసం చర్మపరీక్ష చేయించి ఉంటే ఆ తేదీ డాక్టరుకు చెప్పు, దానివల్ల కూడా ఎలైసా తప్పుగా పాజిటివ్ చూపవచ్చు. వ్యాధి ఖాయమైతే దాన్ని నయం చేసే మందు లేదు, ఎవరైనా ఉందంటే డబ్బు ఇవ్వకు. సంతకు తోలితే నీ తలనొప్పి ఇంకొకరి పాకకు చేరుతుంది, ఆ పని మాత్రం చేయవద్దు.

అసలు కాపాడుకోవలసింది దూడలను. ఈనిన వెంటనే దూడను వేరు చేయి. పరీక్షలో తేలిన ఆవు ముర్రుపాలు దానికి పట్టించకు. ఆ ఆవుకు ఇంతకుముందు పుట్టిన పెయ్యలు ఏవో రాసిపెట్టు, కడుపులో ఉండగానే సోకి ఉండవచ్చు. ఈ సూక్ష్మజీవి పేడలో నెలల తరబడి బతుకుతుంది కాబట్టి ఆ ఎరువు దూడల మేత పొలానికి వేయకు.

ఆదివారం శంషాబాద్ వస్తాను. ఆలోగా దూడల పాకకు వేరే పార, వేరే తట్ట కొని పెట్టు. పెద్ద ఆవుల దగ్గర వాడినవి అటు వైపు పోనివ్వకు.

మీ చిన్నాన్న