లూవ్ర్ టికెట్ పెరిగిందని పర్సనల్ లోనా?

ప్రశ్న: నా వయసు 41. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. చేతికొచ్చే జీతం రూ.85 వేలు. హోమ్‌లోన్ ఈఎంఐ రూ.24 వేలతో కలిపి నెల ఖర్చు రూ.58 వేలు. రూ.3 లక్షల ఎఫ్‌డీ ఉంది. రోమ్, ఫ్లోరెన్స్, బార్సిలోనా, పారిస్‌లలో పాత కట్టడాలు చూడాలని మా దంపతుల కోరిక. 12 రోజులకు రూ.6.5 లక్షలవుతుంది. టికెట్ల ధరలు ఏటా పెరుగుతున్నాయి కాబట్టి ఎఫ్‌డీలో రూ.2.5 లక్షలు తీసి, మిగతా రూ.4 లక్షలు 13 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ధరలు పెరిగేలోపే వెళ్లొద్దామని అప్పు చేయడం చాలామంది చేస్తున్న పొరపాటే, అందుకే లెక్క విప్పి చెబుతున్నాను. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం టికెట్ 2026 జనవరి నుంచి మనలాంటి యూరప్ బయటివాళ్లకు 22 నుంచి 32 యూరోలైంది. ఇద్దరికి అదనంగా పడేది 20 యూరోలు, అంటే రెండు వేల చిల్లర. మీ లోన్ ఈఎంఐ సుమారు రూ.13,480. మూడేళ్లకు వడ్డీయే రూ.85 వేలు, ప్రాసెసింగ్ ఫీజు వేరే. రెండు వేలు మిగుల్చుకోవడానికి 85 వేలా?

అసలు ప్రమాదం ఎఫ్‌డీ దగ్గర ఉంది. అది యాత్ర డబ్బు కాదు, మీ ఎమర్జెన్సీ ఫండ్. ఆరు నెలల ఖర్చుకు రూ.3.48 లక్షలు కావాలి, ఇప్పటికే రూ.48 వేలు తక్కువ. రూ.2.5 లక్షలు తీసేస్తే మిగిలేది ఒక్క నెలకూ చాలదు. తిరిగొచ్చాక ఉద్యోగం పోయిందనుకోండి, కొత్త ఈఎంఐతో నెల ఖర్చు రూ.71 వేలు దాటి కూర్చుంటుంది. వీసా కోసం తీసుకునే 30 వేల యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ అక్కడి వైద్యానికే తప్ప ఇక్కడి ఇల్లు నడపదు. బంగారం తాకట్టు, క్రెడిట్ కార్డు ఈఎంఐ అంటారేమో, అవీ అప్పులే.

ఇంకో చిక్కు. వీసా దరఖాస్తుకు ముందు ఖాతాలో ఒక్కసారిగా పడ్డ రూ.4 లక్షలు ఎక్కడివని కాన్సులేట్‌కు అనుమానం రావచ్చు. వీసా రాకపోతే తలా 90 యూరోల ఫీజు వెనక్కి ఇవ్వరు, ఈఎంఐ ఆగదు.

మీకు నెలకు రూ.27 వేలు మిగులుతోంది. మొదటి రెండు నెలలది ఎమర్జెన్సీ ఫండ్‌లో కలపండి. మూడో నెల నుంచి ఆ డబ్బు ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్)లో వేయండి. నాలుగు నగరాలకైతే 24 నెలలు పడుతుంది. రోమ్, ఫ్లోరెన్స్ మాత్రమే 8 రోజులు, రూ.4 లక్షల బడ్జెట్ అనుకుంటే 15 నెలలు చాలు. నా ఓటు దీనికే. రోమ్‌లో పురాతన ఆలయం పాంథియన్‌కు టికెట్ తక్కువే, సెయింట్ పీటర్స్ బసిలికా చర్చికి టికెట్టే లేదు. కొలోసియం టికెట్ మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరుండాలి, గేటు దగ్గర సరిచూస్తారు. కాబట్టి వీసా చేతికొచ్చాకే, అధికారిక సైట్‌లోనే కొనండి. ఫ్లోరెన్స్ కథీడ్రల్ డోమ్ ఎక్కడానికి 463 మెట్లు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులుంటే ఆ టికెట్ దండగ, కింద కథీడ్రల్‌లోకి ఉచితమే. అక్కడ కార్డు గీకేటప్పుడు రూపాయల్లోనా అని మెషిన్ అడిగితే యూరోలే నొక్కండి.

మధ్యలో ఎప్పుడైనా ఎమర్జెన్సీ ఫండ్ ముట్టుకోవాల్సి వస్తే ఆర్‌డీ ఆపి ముందు దాన్ని నింపండి, ప్రయాణం అన్ని నెలలు వెనక్కి జరపండి.