ఒక 'ఏ' ఎక్కువైతే వేరే రాష్ట్రం

ప్రశ్న: ఇంగ్లీషు అట్లాసులో చైనా పటం చూస్తుంటే పక్కపక్కనే రెండు షాన్‌షీలు కనిపించాయి. ఒకదాంట్లో ఎస్-హెచ్ తర్వాత ఒక 'ఏ', రెండోదాంట్లో రెండు. మిగతా అక్షరాలన్నీ ఒకటే. అచ్చుతప్పా? తెలుగులో మొదటిదాన్ని 'షన్‌షీ' అనీ, రెండోదాన్ని 'షాన్‌షీ' అనీ రాయాలా?

జవాబు: అచ్చుతప్పు కాదు, దీర్ఘమూ కాదు. మన కంటికి అలా కనిపిస్తుందంతే. ఆ రెండో 'ఏ' స్వరానికి గుర్తు. చైనీస్‌లో ఒకే మాటను నాలుగు రకాల శ్రుతుల్లో పలికితే అర్థం మారిపోతుంది; ఆ శ్రుతినే స్వరం అంటున్నాను. తైయువాన్ రాజధానిగా ఉన్న మొదటి రాష్ట్రం పేరులో 'షాన్' పై శ్రుతిలో నిలకడగా సాగుతుంది. అది ఒకటో స్వరం. మట్టి సైనికులు బయటపడ్డ షియాన్ ఉన్న రెండోదాంట్లో గొంతు కిందికి దించాలి, అది మూడోది.

చైనీస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి 1958లో చైనా ఆమోదించిన పిన్‌యిన్ పద్ధతిలో స్వరం గుర్తు అచ్చు నెత్తిన పడుతుంది. పటాల్లో ఆ గుర్తులు వేయరు. దాంతో రెండు రాష్ట్రాలకూ ఒకే పేరు మిగులుతుంది. అంతకుముందు వాడిన వేడ్-జైల్స్ పద్ధతిలో మాట చివర, కాస్త పైన 1 నుంచి 4 దాకా అంకె వేసేవారు. నిఘంటువు దాటితే అదీ ఎగిరిపోయేది. పాత తపాలా పటాలైతే రెండోదాంట్లో 'ఏ' తీసి 'ఈ' పెట్టాయి.

1928లో అధికారికంగా వచ్చిన గ్వోయూ రోమాట్‌జ్ దారి వేరు. జావ్ యువాన్‌రెన్ వంటి భాషావేత్తలు తయారుచేసిన ఈ పద్ధతిలో స్వరం స్పెల్లింగులోనే ఉంటుంది. 'షాన్' ఒకటో స్వరంలో ఎస్-హెచ్-ఏ-ఎన్. రెండుకి 'ఏ' తర్వాత 'ఆర్' చేరుతుంది, మూడుకి 'ఏ' రెట్టిస్తుంది, నాలుగుకి 'ఎన్' రెట్టిస్తుంది.

ఇంతవరకూ తేలికే. మాట ఎమ్, ఎన్, ఎల్, ఆర్‌లతో మొదలైతే లెక్క తారుమారు: ఏ మార్పూ లేనిది రెండో స్వరం, ఒకటో స్వరానికి ఆ హల్లు పక్కన 'హెచ్'. అందుకే అమ్మ 'ఎమ్-హెచ్-ఏ'. ఉత్త 'ఎమ్-ఏ' అంటే నార మొక్క. గుర్రం 'ఎమ్-ఏ-ఏ', తిట్టడం 'ఎమ్-ఏ-హెచ్'. జనం దీన్ని పట్టించుకోలేదంటే ఆశ్చర్యమేముంది!

మీరు చూసిన పేరు అంటుమొక్క. ముందు సగం గ్వోయూ రోమాట్‌జ్‌ది, వెనక సగం పిన్‌యిన్‌ది. తెలుగులో రెండూ షాన్‌షీలే. మొదటిసారి రాసేటప్పుడు పక్కన రాజధాని పేరు చేర్చండి.