మీ నాన్నని కూర్చోబెట్టకు

పెదవాల్తేరు,
ఆదివారం సాయంత్రం

ఒరే బుజ్జీ,

అమ్మానాన్నల్ని వచ్చే నెల మధురవాడ ఫ్లాట్‌కి తెచ్చేసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెప్తూ ఏడ్చింది, సంతోషంతోనేలే. నాకూ గొంతు పట్టేసింది. ఫోన్ పెట్టేశాక మాత్రం, మీ నాన్న ఎక్కడ జారి పడతాడోనని కంగారు మొదలైంది. గృహప్రవేశానికి వచ్చినప్పుడు మీ బాత్రూమ్ గచ్చు చూశాను కదా, అద్దంలా మెరిసిపోతోంది. అన్నయ్యకి 78. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసినదాన్ని, మెరిసే గచ్చు చూస్తే అందరిలా నాకు ముచ్చటెయ్యదురా.

చిన్న పనులు ముందు చెప్పేస్తాను. బాత్రూమ్‌లో గరుకు టైల్స్ వేయించు. కమోడ్ పక్కనా, స్నానం చేసే చోటా గోడకి రాడ్లు బిగించు. మంచి స్టీలువే కొను, మన సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టిపోతుంది. తువ్వాలు ఆరేసే రాడ్డు మనిషి బరువు ఆపదని ఇద్దరికీ చెప్పు. జారే కాలిపట్టాలు తీసెయ్. హవాయి చెప్పులు మాన్పించి వెనక పట్టీ ఉన్నవి కొనిపెట్టు. గడపకి పసుపు రాయడం మీ అమ్మ మానదు, నువ్వూ మానమనకు. కళ్ళు సరిగా ఆననివాళ్ళకి గడప ఎక్కడుందో ఆ పసుపే చెబుతుంది.

ఇక మీ నాన్న సంగతి. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా తిరిగిన మనిషి. "ఎప్పుడైనా పడ్డావా నాన్నా?" అని అడిగితే "నేనా!" అంటాడు. అలా అడక్కు. కాఫీ తాగుతూ మాటల్లో అడుగు: ఈ ఏడాదిలో కాలు జారిందా, తూలి గోడ పట్టుకున్నావా, పడతానేమోనని ఏ పనైనా మానేశావా అని. 65 దాటినవాళ్ళలో మూడో వంతు మంది ఏడాదికి ఒకసారైనా పడుతుంటారు. అందులో ఎంతమంది ఇంట్లోవాళ్ళకి చెప్తారంటావ్?

తర్వాత ఒక చిన్న పరీక్ష పెట్టు. కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా మూడు మీటర్ల దూరంలో సుద్దముక్కతో గీత గియ్యి. లేచి, మామూలుగా నడిచి, గీత దగ్గర తిరిగి, వచ్చి కూర్చోవాలి. నీ ఫోన్‌లో టైమ్ చూడు. 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టే. సెకన్లతో పాటు తిరిగేటప్పుడు కూడా చూడు. ఒక్క అడుగులో తిరుగుతున్నాడా, కోడిపిల్లలా చిన్నచిన్న అడుగులేసి తిరుగుతున్నాడా అని. వార్డులో నేను అది చూసే పేషెంట్ మంచానికి రెండు పక్కలా కడ్డీలు ఎత్తేదాన్ని.

బీపీ కూడా రెండు రకాలుగా చూడు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్ళీ. నిలబడ్డాక పై అంకె 20 తగ్గినా, కింది అంకె 10 తగ్గినా డాక్టరుకి చెప్పాలి. మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్ళు. నిద్ర మాత్రలు, జలుబుకి వేసుకునేవి, ప్రోస్టేట్‌వి, బీపీవి, ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసే నీళ్ళ మాత్రలు... వీటిలో చాలావాటికి తూలించే గుణం ఎంతోకొంత ఉంది. నీ అంతట నువ్వు ఏదీ ఆపెయ్యకు. అడుగు, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్నకి రిక్లైనర్ కుర్చీ కొన్నావట. చేతికందేలా కాలింగ్ బెల్లు కూడా పెట్టావట, "నాన్న లేవక్కర్లేదు" అని. వదిన మురిసిపోతూ చెప్పింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకో చెప్తాను, ఇది మీ మామయ్యకి తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మా అత్తగారు తెల్లారగట్ల లేచి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, పద్నాలుగు చుక్కల ముగ్గు పెట్టే మనిషి. 2014 వేసవిలో ఆ కళ్ళాపి నీళ్ళలోనే జారి కూలబడింది. దెబ్బేమీ తగల్లేదు. నేను నర్సుని, ఎందుకు పడిందో చూడాల్సినదాన్ని. ఆవిడ కళ్ళు చూపించలేదు, బీపీ నిలబెట్టి చూడలేదు. ఏం చేశానో తెలుసా? చీపురు లాక్కున్నాను. "ఇంక మీరు ఏమీ ముట్టుకోవద్దు, కూర్చోండి" అన్నాను. కాఫీ మంచం దగ్గరికే, అన్నం మంచం దగ్గరికే. చుట్టుపక్కలవాళ్ళు కోడలంటే నువ్వేనమ్మా అన్నారు. నేనూ పొంగిపోయాను.

నాలుగు నెలల్లో ఆవిడ పిక్కలు నా మణికట్టంత అయిపోయాయి. కుర్చీలోంచి లేవాలంటే రెండుసార్లు ఊగి లేచేది. రోజూ చూస్తూనే ఉన్నాను, ముసలితనం అనుకున్నాను. ముసలితనం కాదురా, నేనే.

అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. నీకు గుర్తుండే ఉంటుంది, ఊరంతా చెట్లు కూలిపోయి కరెంటు లేదు. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియక దొరికిన బక్కెట్లన్నీ నింపి బాత్రూమ్ దారిలో పెట్టాను. మూడో రాత్రి, నన్ను లేపడం ఇష్టం లేక, ఆవిడ చీకట్లో గోడ పట్టుకుని వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది. పడిన చప్పుడు కూడా నాకు వినపడలేదు. తెల్లారి చూస్తే తలుపు తెరుచుకోదు. గడియ విరగ్గొట్టాం, అయినా రాలేదు. ఆ తలుపు లోపలికి తెరుచుకునేది, మనిషేమో తలుపుకి అడ్డంగా పడి ఉంది. తడి గచ్చు మీద ఎన్ని గంటలు ఉందో. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే చేశారు, కానీ మళ్ళీ సరిగా నడవలేదు. సంక్రాంతికి మంచం మీద నుంచే "ముగ్గు ఎవరేశారు?" అని అడిగింది. ఉగాది చూడలేదు.

అందుకే నీ బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకోవాలి, గడియ బయట్నుంచి కూడా తీసేలా ఉండాలి. టైల్స్ ఆలస్యమైనా ఫరవాలేదు, ఇది మాత్రం వాళ్ళు వచ్చేలోపు అయిపోవాలి. మంచం నుంచి బాత్రూమ్ దాకా, కరెంటు పోయినా వెలిగే చిన్న లైట్లు పెట్టు. ఆ దారిలో చెంబు కూడా ఉండకూడదు. నీకు ఇది అతి అనిపిస్తుంది. అనిపించనీ.

ఆ బెల్లు పీకేసి నీ కూతురికి ఆడుకోడానికి ఇచ్చెయ్. పాల ప్యాకెట్లు మీ నాన్ననే తేనీ, లిఫ్టు దాకా ఎవరైనా తోడు వెళ్ళండి. రోజూ గట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోమను. వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తి నిలబడమను. ఆయన వినకపోతే వదినని ముందు మొదలెట్టమను, పోటీకి ఆయనే వస్తాడు. చిన్నప్పుడు నాతో పందెం కట్టి చింతచెట్టెక్కి చెయ్యి విరగ్గొట్టుకున్నవాడే కదా.

అయినా పడొచ్చు. పడితే చంకల్లో చేతులేసి గబుక్కున లేపకు. నొప్పి ఎక్కడో అడుగు, కాలు కదపలేకపోతే అలాగే ఉంచి 108కి ఫోన్ చెయ్. మీ నాన్న గుండెకి రక్తం పలచబడే మాత్ర వేసుకుంటాడు, కాబట్టి తలకి దెబ్బ తగిలితే మనిషి బాగానే మాట్లాడుతున్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

వచ్చే ఆదివారం టేపు పట్టుకుని నేనే వస్తాను. బస్సులో వద్దు, నువ్వే వచ్చి తీసుకెళ్ళు. నిన్న మా హాల్లో మూడు మీటర్లు కొలిచి నేనూ నడిచి చూసుకున్నాను. 13 సెకన్లు. మీ మామయ్యకి చెప్పకు, నా చేతిలో చీపురు లాక్కుంటాడు.

మీ అత్త