మంచు పడని చలికాలంలోనూ పిడుదు కాటుతో జాగ్రత్త

ప్రశ్న: నా వయసు 61. జనవరిలో న్యూజెర్సీలోని మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. మంచు పడకపోవడంతో రోజూ ఇంటి వెనుక చెట్లలో నడిచేదాన్ని. ఒకరోజు మోకాలి వెనుక పిడుదు కనిపిస్తే లాగి పారేశాం. ఇక్కడికి తిరిగొచ్చాక అదే చోట అరచేయంత ఎర్రమచ్చ వచ్చింది. దురద లేదు గానీ జ్వరం, ఒళ్లునొప్పులు ఉన్నాయి. తామర అని మలాము ఇచ్చారు. చలికాలంలో పిడుదు కరిచినా ప్రమాదమేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ఈ మచ్చను తామర అనుకుని వదిలేయకండి. పిడుదు కరిచిన 3 నుంచి 30 రోజుల్లోపు అదే చోట దురద పెట్టకుండా విస్తరించే ఎర్రమచ్చ, దానికి తోడు జ్వరం ఉన్నప్పుడు ముందుగా లైమ్ వ్యాధినే అనుమానించాలి. నల్లకాళ్ల పిడుదు ద్వారా సోకే ఈ బ్యాక్టీరియా జబ్బు అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో సర్వసాధారణం. మన దగ్గర అరుదు కాబట్టి వైద్యులకు వెంటనే స్ఫురించకపోవచ్చు. రేపే ఫిజీషియన్‌ను కలిసి, ప్రయాణం సంగతి, పిడుదు సంగతి అడగకముందే మీరే చెప్పండి. తొలి వారాల్లో రక్తపరీక్ష నెగెటివ్‌గా రావచ్చు గనుక, ఆ ఒక్క కాగితం చూసి జబ్బు లేదని తేల్చకూడదు. మచ్చ తీరును బట్టే చికిత్స మొదలుపెట్టవచ్చు. సాధారణంగా 10 నుంచి 14 రోజులు డాక్సీసైక్లిన్ ఇస్తారు. తొలిదశలో వాడితే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. మూతి వంకర పోయినా, గుండె దడ వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇక చలికాలం సంగతి. ఈ పిడుదు చలికి చచ్చిపోదు, రాలిన ఆకుల కింద దాగి ఉండి, ఉష్ణోగ్రత సుమారు 4 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజున బయటికి వస్తుంది. నేల మీద మంచు పేరుకుని ఉంటే అది పైకి రాలేదు, మనుషులూ చెట్లలోకి వెళ్లరు. ఈ రెండు అడ్డంకులూ ఇప్పుడు సడలుతున్నాయి: న్యూజెర్సీ పక్కనే ఉన్న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 2024 జనవరి వరకు దాదాపు 700 రోజుల పాటు ఏ ఒక్క రోజూ అంగుళం మంచు పడలేదు. నిజానికి మంచు దుప్పటిలా పిడుదును గడ్డకట్టే చలి నుంచి కాపాడుతుంది కూడా. చలే తగ్గినప్పుడు దానికి ఆ దుప్పటితో పనిలేదు. చలికాలాలు వేడెక్కే కొద్దీ ఈ పిడుదులు ఉత్తరాన కెనడాలోకి విస్తరిస్తున్నాయి.

మీ అమ్మాయి కుటుంబానికి ఒక మాట చెప్పండి. జనవరైనా సరే, చెట్లలో తిరిగి వచ్చిన సాయంత్రమే మోకాళ్ల వెనుక, చంకల్లో, గజ్జల్లో, పిల్లల తలల్లో వెతకాలి. చాలావరకు పిడుదు ఒక రోజుకు పైగా పట్టుకుని ఉంటేనే జబ్బు సోకుతుంది. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టి, మెలిపెట్టకుండా నిటారుగా లాగాలి. నూనె రాయడం, కాల్చడం చేయకూడదు. తీసిన 72 గంటల్లోపు డాక్టర్‌ను సంప్రదిస్తే, అవసరాన్ని బట్టి ఒకే మోతాదు మందుతో వ్యాధి రాకుండా ఆపే అవకాశం ఉంది.