మీ ప్రశ్నలు: అపలాచియన్ కొండల బీన్స్ ఒరుగులు, డల్సిమర్‌లో తప్పిన నిషాదం

(ఉత్తర కరోలినా, టెనెసీ, కెంటకీ కొండ ప్రాంతాల వంటలు, కళల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: యాష్‌విల్ రైతుల సంతలో బీన్స్ కొని, దారానికి గుచ్చి వరండాలో వేలాడదీశాను. వారం తిరిగేసరికి కొన్ని బూజు పట్టాయి, మిగిలినవి గడ్డిపోచల్లా ఎండాయి. వండితే రుచే లేదు. ఎక్కడ పొరపాటు జరిగింది?

జవాబు: రెండు చోట్ల. మొదటిది కాయ. 'లెదర్ బ్రిచెస్' అనే ఈ ఒరుగులకు (కెంటకీ వైపు 'షకీ బీన్స్' అంటారు) లేత కాయ పనికిరాదు. లేత కాయలో ఉండేదంతా నీరే, అది పోయాక తొక్క తప్ప ఏమీ మిగలదు. గింజ నిండి తొక్క మీద ఉబ్బుగా కనిపించాలి, తొక్క మాత్రం ఇంకా పచ్చగా ఉండి వంచితే టప్పున విరగాలి. ఈ రెండు గుణాలూ ఈనె ఉన్న పాత రకాల్లోనే దొరుకుతాయి. అక్కడి సంతల్లో 'గ్రీసీ బీన్స్' అని అడగండి. నూగు లేకుండా నూనె రాసినట్టు మెరుస్తాయి కాబట్టి ఆ పేరు. ఈనె లేని కొత్త రకాలు చాలావాటిలో గింజ ముదిరేలోపే తొక్క పీచెక్కిపోతుంది.

రెండోది తేమ. ఆ కొండల్లో వేసవి అంటే వానలు, పొగమంచు. కాయలు కడిగాక గుడ్డ మీద పరిచి నీటి చుక్క లేకుండా ఆరనివ్వాలి. రెండు కొనలూ తుంచి, ఈనె లాగెయ్యాలి. గట్టి నూలు దారం రెండు పేటలు వేసి, సూదిని కాయ నడుమ దించండి. అడ్డంగా చూస్తే ప్రతి కాయా దారానికి రెండు వైపులా సమంగా వేలాడాలి. కాయల మధ్య వేలెడు సందు వదలండి. బూజు మొదలయ్యేది కాయకు కాయ ఆనుకున్న చోటే. గాలి ఆడే నీడలో కట్టండి. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. రెండు మూడు వారాలకు గోధుమరంగు తిరిగి, ముడతలు పడి, ఊపితే గలగలమంటాయి. వానలు వదలకపోతే మొండికెయ్యకుండా డీహైడ్రేటర్‌లో 52 డిగ్రీల సెల్సియస్ దగ్గర పూర్తిచెయ్యండి.

ఎండాక రెండు మూడు రోజులు ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే పురుగు గుడ్లు చస్తాయి. ఆ తర్వాత గాజు సీసాలో నిల్వ చేసుకోవచ్చు.

వండేటప్పుడు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 10 నిమిషాలు తెర్లనివ్వండి. ఈ మాట తేలిగ్గా తీసుకోకండి. బీన్స్ గింజలో కడుపును బాధించే లెక్టిన్ ఉంటుంది, బాగా మరిగితేనే అది పోతుంది. స్లో కుక్కర్‌లో నేరుగా పడేస్తే అంత వేడి తగలదు. తర్వాత సన్నటి సెగ మీద 2 నుంచి 3 గంటలు. అక్కడివాళ్లు ఉప్పుపట్టించిన పంది మాంసం ముక్క వేస్తారు. శాకాహారులు నూనె, ఉల్లిపాయ, కాస్త పొగబట్టిన మిరపపొడి వేసుకోవచ్చు. వెనిగర్, టమాటా చివర్లోనే వెయ్యాలి, పులుపు ముందు తగిలితే గింజ ఉడకదు.

ప్రశ్న: మౌంటెన్ డల్సిమర్ (ఒళ్లో పెట్టుకుని వాయించే తీగల వాద్యం) కొన్నాను, డి-ఎ-డి శ్రుతిలో ఉంది. కొన్ని పాటలు చక్కగా వస్తున్నాయి, కొన్నిటిలో 'ని' తగ్గి పలుకుతోంది. వాద్యంలో లోపమా?

జవాబు: వాద్యం బాగానే ఉంది. డల్సిమర్‌కి గిటార్‌లా ప్రతి అర్ధస్వరానికీ మెట్టు ఉండదు. డి-ఎ-డి శ్రుతిలో ఖాళీ తీగను షడ్జమంగా పట్టుకుంటే 6వ మెట్టు మీద పలికేది కైశికి నిషాదం. అంటే మీరు వాయిస్తున్నది మన హరికాంభోజి మేళం. ఆ పాటలకు కావలసింది అర్ధస్వరం పైన ఉండే కాకలి నిషాదం, అంటే శంకరాభరణం మేళం.

దీనికి రెండు దారులున్నాయి. మీ వాద్యానికి 6, 7 మెట్ల మధ్య '6½' అనే అదనపు మెట్టు ఉంటే 6కు బదులు దాన్ని నొక్కండి. లేదంటే పాట తీగను (పాట వరస పలికించే తీగను) పై డి నుంచి ఎ వరకు కిందికి వదిలి, డి-ఎ-ఎ చెయ్యండి. అప్పుడు షడ్జమం 3వ మెట్టు మీద మొదలవుతుంది, 10వ మెట్టు మీద తారాషడ్జమం. సంగీతం తెలిసిన చెవికి ఈ రెండో దారే ఎక్కువ నచ్చుతుంది. పాట తీగ మీద, దాన్ని నొక్కే పుల్ల జరుగుతుంటే మిగతా రెండు తీగలూ తంబురాలా స-ప పట్టి ఉంచుతాయి. వదిలిన తీగ జీరగా మోగితే ఒక సైజు లావు తీగ వేయించండి.

పుల్లతో నొక్కేటప్పుడు రెండు మెట్ల నడుమ కాకుండా, పలకవలసిన మెట్టుకు ఎడమవైపు ఆనుకుని నొక్కండి. దూరం జరిగితే తీగ 'జుర్రు'మంటుంది.

ప్రశ్న: ఆపిల్ స్టాక్ కేక్ (పలుచటి పొరల నడుమ ఆపిల్ గుజ్జు పెట్టి పేర్చే కేక్) చేశాను. పొరలు బిస్కెట్‌లా గట్టిగా ఉన్నాయి. కొలతలు తప్పాయా?

జవాబు: చేసిన రోజే కోసుంటారు. పొరలు బిస్కెట్‌లాగే రావాలి. ఆపిల్ తేమ పీల్చుకుని అవి కేక్ అయ్యేది రెండు రోజుల తర్వాతే. 9 అంగుళాల పొరలు ఆరింటికి మైదా 4½ కప్పులు, వెన్న ¾ కప్పు, పంచదార ½ కప్పు, సోర్గమ్ పాకం 1 కప్పు, మజ్జిగ ½ కప్పు, గుడ్లు 2, శొంఠిపొడి, వంటసోడా ఒక్కో చెంచా. సోర్గమ్ అంటే తీపి జొన్న కాడల రసం కాచిన పాకం. బదులుగా నల్ల మొలాసిస్ పోస్తే చేదెక్కుతుంది. 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 10–12 నిమిషాలు చాలు.

నడుమ పెట్టేది తాజా ఆపిల్ గుజ్జు కాకూడదు, అది నీరు వదిలి పొరల్ని జారుస్తుంది. ఎండు ఆపిల్ ముక్కలు 450 గ్రాములు నీళ్లలో ఉడికించి, మెదిపి, బెల్లపు రంగు పంచదార 1 కప్పు, దాల్చినచెక్క కలపండి. గరిటె లాగితే దారి అలాగే నిలవాలి. పై పొర మీద ఏమీ రాయకుండా గుడ్డ చుట్టి చల్లటి చోట ఉంచండి.

పెళ్లికి ఒక్కో అతిథి ఒక్కో పొర తెచ్చి పేర్చేవారన్న కథ మీరూ వినే ఉంటారు. అది నిజమైతే ఆ పెళ్లివారు ఈ గట్టి బిస్కెట్లే నమిలి ఉండాలి.

ప్రశ్న: షేప్-నోట్ (స్వరాలను ఆకారాలతో రాసే పద్ధతి) పాటల సభకు కొత్తవాళ్లు వెళ్లొచ్చా? ఏం తీసుకెళ్లాలి?

జవాబు: నిస్సంకోచంగా. అది కచేరీ కాదు, ప్రేక్షకులంటూ ఉండరు. నాలుగు స్వరభాగాలవాళ్లు నాలుగు వైపులా లోపలికి తిరిగి కూర్చుంటారు, నడిపేవారు మధ్యలో నిలబడతారు. ఆ నాలుగింటిలో టెనర్ అనే భాగం వైపు వెనక వరసలో కూర్చోండి, ఎక్కువగా అసలు వరస నడిచేది అక్కడే. స్వరాలకు ఆకారాలున్నాయి: ఫా త్రిభుజం, సోల్ గుండ్రం, లా చదరం, మీ వజ్రం. ముందు ఆ పేర్లే పాడి, తర్వాత మాటలు అందుకుంటారు. చాలాచోట్ల పుస్తకం అరువిస్తారు. రోజంతా సాగే సభైతే మధ్యాహ్నం అందరూ కలిసి తింటారు. చల్లారినా రుచి చెడని వంటకం ఏదైనా, వడ్డించే గరిటెతో సహా తీసుకెళ్లండి.