జ్వరం మొదలైన తేదీ

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అమ్మాయీ, విజయవాడలో అంటువ్యాధుల నిఘా విభాగంలో డేటా విశ్లేషణ పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పినప్పుడు చాలా సంతోషించాను. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం ఆ పనిలోనే గడిచింది కనుక, నీకు ఉపయోగపడతాయనుకున్న కొన్ని సంగతులు రాస్తున్నాను.

2004లో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం మొదలైనప్పటి నుంచి మనకు మూడు దారుల్లో సమాచారం వస్తోంది. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం అనుమానించి రాసేది ఎస్ ఫారం, డాక్టరు లక్షణాలు చూసి రాసేది పి ఫారం, ల్యాబ్ నిర్ధారించేది ఎల్ ఫారం. ఇప్పుడు ఇవన్నీ ఐహెచ్ఐపీ అనే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య సమాచార పోర్టల్‌లోకి చేరుతున్నాయి. ఈ మూడింటి అంకెలనూ ఎన్నడూ కలిపి కూడవద్దు, ఒకే రోగి మూడు చోట్లా ఉండవచ్చు.

ఒక్కో రోగికి ఒక్కో వరుస ఉండే జాబితా, అంటే లైన్‌లిస్టు, తెరవగానే నీ కన్ను ముందుగా పడవలసింది లక్షణాలు మొదలైన తేదీ గడి మీద. ఒక వర్షాకాలంలో నా గ్రాఫులో ప్రతి సోమవారం డెంగీ కేసులు ఉన్నట్టుండి పెరిగేవి. నేను కంగారుపడి ఫాగింగ్ బృందాలను పరుగులు పెట్టించాను. తీరా విచారిస్తే, ఆదివారం పరీక్షలు చేయకపోవడం వల్ల రెండు రోజుల నమూనాల ఫలితాలు సోమవారం ఒక్కసారిగా నమోదవుతున్నాయని తెలిసింది. అవే కేసులను జ్వరం మొదలైన తేదీ ప్రకారం మళ్లీ గీసినప్పుడు సోమవారాల ఎత్తులన్నీ చదునైపోయి, రెండు వారాల కిందటే ఒకే వార్డులో మొదలైన పెరుగుదల బయటపడింది. ఆ రెండు వారాలు నా చేయి జారిపోయాయన్న బాధ నాకు ఈనాటికీ ఉంది. ఆ గడిలో పరీక్ష తేదీనే మళ్లీ రాసిన వరుసలు కనిపిస్తే, వాటిని విడిగా పెట్టి కింది సిబ్బందిని అడిగి సరిచేయించు. గ్రాఫు చివరి వారం ఎప్పుడూ తగ్గుతున్నట్టే కనిపిస్తుందని కూడా గుర్తుంచుకో, ఎందుకంటే ఆ వారం జబ్బుపడిన వారిలో చాలామంది ఇంకా ఆసుపత్రికే వచ్చి ఉండరు. అది చూసి వ్యాధి తగ్గుముఖం పట్టిందని పై అధికారులకు రాయవద్దు.

తేదీ సరిగా ఉంటే జబ్బు ఎప్పుడు సోకిందో వెనక్కి లెక్కించవచ్చు. కలుషిత నీటితో సోకే హెపటైటిస్ ఎ కామెర్లు బయటపడటానికి సగటున నాలుగు వారాలు పడుతుంది కనుక, ఈరోజు కేసులు కనిపిస్తే కిందటి నెలలో ఆ వీధి పైపులైను ఎలా ఉందో విచారించాలి. కలరాకైతే కొన్ని గంటల నుంచి అయిదు రోజులే వ్యవధి. 2018 మార్చిలో మన గుంటూరులో ఆనందపేట, ఆ చుట్టుపక్కల అతిసారం ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు, ఇలాంటి జబ్బులో ఒక్క రోజు ఆలస్యం ఎంత ఖరీదైనదో నగరమంతా చూసింది.

చిరునామా విషయంలోనూ జాగ్రత్త అవసరం. విజయవాడ ప్రభుత్వాసుపత్రికి చుట్టుపక్కల జిల్లాల వారు వస్తారు, పటమటలోని బంధువుల ఇంటి చిరునామా ఇస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినట్టు వరద వస్తే, ఇళ్లు వదిలి వెళ్లిన వారి జ్వరాలు వేరే పేటల లెక్కలో పడతాయి. అందుకే గత రెండు వారాల్లో ఎక్కడ ఉన్నారో కూడా అడిగించు.

పరీక్షలు పెంచితే కేసులూ పెరుగుతాయి. చేసిన ప్రతి వంద పరీక్షల్లో ఎన్ని పాజిటివ్ అయ్యాయో చూడనిదే ఏ వార్డునూ మరో వార్డుతో పోల్చవద్దు.

డేటా భారీగా ఉన్నంత మాత్రాన నిజం చెబుతుందనుకోకు. 2008లో గూగుల్ జనం వెతికే మాటలను బట్టి ఫ్లూను అంచనా వేయడం మొదలుపెట్టింది, 2012-13 శీతాకాలంలో ఆ అంచనా అమెరికా ప్రభుత్వ నిఘా లెక్కలకు దాదాపు రెట్టింపు వచ్చింది. వార్తల వల్ల భయపడి వెతికేవారినీ జబ్బుపడి వెతికేవారినీ వేరుచేయడం సులువు కాదు.

రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న జాబితాను వాట్సాప్ గ్రూపుల్లో ఎవరు అడిగినా పెట్టవద్దు. క్షయ అని, హెచ్ఐవీ అని ఇరుగుపొరుగుకు తెలిస్తే ఆ ఇంటి ఆడపిల్ల పెళ్లి సంబంధం కూడా తప్పిపోయే సమాజం మనది.

చివరగా, రోజుకు ఇద్దరు ఏఎన్ఎంలకైనా ఫోను చెయ్యి. ఒక వార్డు నుంచి వారం రోజులుగా సున్నాలే వస్తుంటే, అక్కడ జబ్బులు లేవా, లేక ఆమె సెలవులో ఉందా అన్నది పోర్టల్‌లో కనిపించదు, ఆమెనే అడగాలి.

ఆశీస్సులతో,
మీ మామయ్య