ఎక్స్‌రే బాగుంది, పాప బాగుందా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మా అమ్మాయికి 15 ఏళ్లు. వెన్ను పక్కకు వంగిందని 8 నెలల క్రితం రాడ్లు, స్క్రూలు వేసి ఆపరేషన్ చేశారు. వంపు 54 డిగ్రీల నుంచి 20కి తగ్గింది. అయినా ఓణీ వేసుకోదు, పెళ్లిళ్లకు రమ్మంటే రాదు. మొన్న చెకప్‌లో 22 ప్రశ్నల కాగితం ఇస్తే నేనే నింపేశాను. ఎక్స్‌రే ఉండగా అదెందుకండీ?

జవాబు: ఆ డిగ్రీలు చెప్పేది వెన్ను పక్కకు ఎంత వంగిందనే అమ్మా. ఇలా వెన్ను పక్కకు వంగడాన్నే స్కోలియోసిస్ అంటారు. ఇందులో వెన్నుపూసలు మెలి కూడా తిరుగుతాయి. అందుకే ఒక పక్క వీపు ఉబ్బెత్తుగా లేస్తుంది, భుజాలు ఎగుడుదిగుడవుతాయి. వంపు తగ్గినా ఇవి కొంత మిగలొచ్చు. జాకెట్టు వేసుకుని అద్దం ముందు నిలబడితే పాపకు కనిపించేవి అవే.

మీకిచ్చింది ఎస్‌ఆర్‌ఎస్-22 అనే ప్రశ్నల కాగితం అయ్యుంటుంది. పనులు, నొప్పి, తన రూపం, మనసు: ఒక్కోదానికి 5 ప్రశ్నలు. చికిత్స మీద తృప్తికి 2. ప్రతి జవాబుకూ 1 నుంచి 5 మార్కులు, 5 మంచిది. ఏ భాగానికి ఆ భాగం సగటు తీస్తారు.

మొత్తం సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. పనులకు 22, నొప్పికి 23, మనసుకు 17, రూపానికి 12 వచ్చాయనుకోండి. తృప్తి ప్రశ్నలు రెండూ వదిలేస్తే మొత్తం 74, 20 ప్రశ్నలతో భాగిస్తే 3.7. ఫరవాలేదనిపిస్తుంది. కానీ రూపం సగటు 2.4 మాత్రమే. ఓణీ గొడవంతా అక్కడే ఉంది. కాబట్టి డాక్టరుగారిని విడివిడి మార్కులే అడగండి.

మీరు నింపిన కాగితం మాత్రం లెక్కకు రాదు. 'బట్టల్లో ఎలా కనిపిస్తావు' అన్నదానికి అమ్మ ఎప్పుడూ 'బాగా' అనే రాస్తుంది! ఈసారి డాక్టరును కలవకముందే పాప ఒక్కతే కూర్చుని నింపాలి. మీరు పక్కనుంటే మీ మనసు నొచ్చుకుంటుందని మంచి జవాబులే పెడుతుంది. ఇంకో పొరపాటూ జరుగుతుంటుంది: కొన్ని ప్రశ్నలకు మొదటి గడి 5, కొన్నిటికి 1. చదవకుండా వరసగా టిక్కులు పెడితే లెక్క తిరగబడుతుంది. ఆపరేషన్‌కు ముందు నింపిన కాగితం ఉంటే దాంతో పోల్చమనండి. లేకపోతే ఈసారిదే మొదటిదిగా పెట్టుకుని కనీసం రెండేళ్ల వరకూ చెకప్పుల్లో నింపించండి.

రూపం మార్కు తక్కువైతే ఉబ్బెత్తు ఎంత మిగిలిందో పాపను ముందుకు వంచి, భుజాల తేడా ఎంతుందో నిటారుగా నిలబెట్టి కొలవమనండి. మనసు మార్కు కూడా తక్కువైతే సైకాలజిస్టుకు చూపించడం వాయిదా వేయొద్దు. నొప్పి మార్కు మునుపటికంటే పడిపోతే వెంటనే చెప్పండి: స్క్రూ వదులైందా, ఎముక సరిగ్గా అతుక్కుందా అని చూస్తారు.